తక్కువ ఖర్చుతో ఇంట్లో రంగుచేపల తొట్టి: ఓరుగల్లు నీళ్లకు, ఓరుగల్లు ఎండకు సరిపడే జవాబులు

ఇక్కడి లెక్కలన్నీ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టికి వేసినవి. ఇంతకన్నా చిన్నది కొంటే డబ్బు మిగులుతుంది గానీ చేపలు మిగలవు. నీళ్లు ఎంత తక్కువైతే అవి అంత తొందరగా పాడవుతాయి, ఎండకు అంత తొందరగా కాగుతాయి.

మొత్తం ఎంత పెట్టుకోవాలి?

మూడున్నర వేలు పక్కన పెట్టండి. అందులో పదిహేను వందల దాకా తొట్టికి, మూతకు పోతుంది. ఎయిర్ పంపు, స్పాంజ్ ఫిల్టర్, పైపు, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ కలిపి ఐదారు వందలు. నీళ్లలో పెరిగే విషాలైన అమ్మోనియా, నైట్రైట్‌లను చూసే టెస్టు కిట్లకు, థర్మామీటర్‌కు ఒక ఏడు వందలు. మిగిలింది లైటుకు, మేతకు, చేపలకు. స్టాండు లెక్క వేరు. ధరలు దుకాణాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మార్చకండి. రంగురాళ్లు, నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ పెట్టె, వెనక అంటించే సముద్రం బొమ్మ లేకపోయినా ఒక్క చేప చావదు. టెస్టు కిట్టు లేకపోతే మాత్రం ఎందుకు చచ్చాయో కూడా తెలియదు.

కరెంటు బిల్లు గురించి భయం వద్దు. 5 వాట్ల పంపు రాత్రింబగళ్లు నడిస్తే నెలకు 3.6 యూనిట్లు. 10 వాట్ల ఎల్ఈడీ లైటు రోజుకు 7 గంటలు వెలిగితే 2.1 యూనిట్లు. రెండూ కలిపినా ఆరు దాటవు.

గుండ్రటి గాజు బౌల్‌లో రెండు గోల్డ్‌ఫిష్ వేస్తే సరిపోదా?

సరిపోదు. గోల్డ్‌ఫిష్ జానెడు దాటి పెరిగే చేప, తిన్నదానికి తగ్గట్టు మురికి కూడా చేస్తుంది. పైగా చల్లటి నీళ్లు కోరుకుంటుంది, మన దగ్గర మార్చి నుంచే నీళ్లు వేడెక్కుతాయి. పిల్లలు ముచ్చటపడి అడిగేది అదే, వారంలో ఏడ్చేదీ దానికే.

తయారుగా ఉన్న తొట్టి కొనాలా, అద్దాలు కోయించి అతికించుకోవాలా?

చేతిపని అలవాటుంటే అతికించుకోవచ్చు, కొంత మిగులుతుంది. అద్దాల దుకాణంలో 5 మి.మీ. మామూలు ఫ్లోట్ గ్లాసు అడగండి. టఫెన్డ్ గ్లాసును తయారయ్యాక కోయలేరు. తొట్టి అడుగు భాగానికి 600×300 మి.మీ. ముక్క ఒకటి, ముందుకూ వెనక్కూ అదే కొలతలో రెండు, పక్కలకు 288×300 రెండు. ముందు, వెనక అద్దాలు అడుగు అద్దం మీద నిలబడతాయి, పక్క అద్దాలు వాటి మధ్యలో ఇరుకుతాయి. 300 లోంచి రెండద్దాల మందం 10, సిలికాన్ సందుకు 2 తీసేస్తే 288 వస్తుంది. ఈ 2 మి.మీ. మరిచిపోయి 290 కోయిస్తే అద్దానికి అద్దం ఆనుకుని సిలికాన్‌కు చోటుండదు, కారేది అక్కడే. అంచులు అక్కడే నూరించండి, లేకపోతే వేళ్లు తెగుతాయి.

సిలికాన్ ట్యూబు మీద ఫంగస్ రాకుండా మందు కలిపామని రాసి ఉంటే తీసుకోవద్దు. అది బాత్రూముల కోసం, ఆ మందు చేపలకు విషం. ఏ మందూ కలపని, వెనిగర్ వాసన వచ్చే రకం కావాలి. అతికించే ముందు అంచులను స్పిరిట్‌తో తుడవండి. చేతి జిడ్డు ఉన్నచోట సిలికాన్ పట్టదు. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే దాదాపు వారం, నీళ్లు పోయకండి. ఆ తర్వాత పాత పేపర్లు పరిచి, తొట్టి పెట్టి, నిండా నీళ్లు పోసి రెండు రోజులు వదిలేయండి. పేపరు తడిస్తే ఏ మూల కారుతోందో కనిపిస్తుంది. కొన్న తొట్టికైనా ఈ పరీక్ష తప్పదు.

టీవీ టేబుల్ మీద పెట్టొచ్చా?

నీళ్లు 45 కిలోలు, ఇసుక 10, గాజు 9. రాళ్లతో కలిపి 65 నుంచి 70 కిలోలు, అదీ రాత్రీ పగలూ దిగని బరువు. ప్లైవుడ్ టేబుల్ ఆర్నెల్లకు నడుం వంచుతుంది, దాంతో అడుగు అద్దం పగులుతుంది. ఇనుప స్టాండు గానీ, ఇటుకల మీద కడప బండ గానీ మేలు. బండకూ గాజుకూ మధ్య అర అంగుళం థర్మోకోల్ పెట్టాలి. ఒక చిన్న ఇసుక రేణువు చాలు, దాని మీదే బరువంతా పడి గాజు చిట్లడానికి. కిటికీ ఎండ నేరుగా పడేచోటు వద్దు. స్విచ్ బోర్డుకు సరిగ్గా కింద కూడా వద్దు.

అడుగున ఏం వేయాలి?

ఇల్లు కట్టేచోట జల్లెడ పట్టగా మిగిలిన దొడ్డు ఇసుక. 4 సెం.మీ. మందానికి పది కిలోలు పడుతుంది. బకెట్టులో వేసి చేత్తో కలుపుతూ నీళ్లు వంపండి, పైన తేట వచ్చేదాకా పది పన్నెండు సార్లు కడగాల్సి వస్తుంది. సిమెంటు తగిలిన ఇసుక వద్దు.

రాళ్ల విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. కరీంనగర్ గ్రానైటు ముక్కలు కోత మిషన్ల దగ్గర ఊరికే పడి ఉంటాయి. గ్రానైటు నీళ్లలో కరగదు. పాలరాయి ముక్కలు, సున్నపురాయి, గవ్వలు మాత్రం కరుగుతూ నీటి గట్టిదనాన్ని, పీహెచ్‌ను (క్షారగుణం ఎంతుందో చెప్పే అంకెను) పెంచుతాయి. తెలియని రాయి మీద నిమ్మరసం నాలుగు చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే ఆ రాయి పక్కకు.

నల్లా నీళ్లా, బోరు నీళ్లా, ఆర్వో నీళ్లా?

నల్లా నీళ్లు ఉంటే అవే. నగరానికి ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల్లో నిల్వచేసి శుద్ధిచేసిన నీళ్లు వస్తాయి, చాలా ఊళ్లకు మిషన్ భగీరథ నీళ్లు. ఇవన్నీ బోరు నీళ్లకన్నా తేలిక. కానీ క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పలను కాల్చేస్తుంది. బకెట్టులో పట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా పలుచటి గుడ్డ కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచితే పోతుంది. తొందరుంటే సోడియం థయోసల్ఫేట్, అంటే దుకాణాల్లో హైపో అనే స్ఫటికాలు, 10 గ్రాములు 100 మి.లీ. నీటిలో కరిగించి సీసాలో పెట్టుకోండి. పది లీటర్లకు ఒక మి.లీ. చాలు.

బోరు నీళ్లలో క్లోరిన్ బాధ లేదు, కానీ సున్నం ఉంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందా? అయితే మీవి గట్టి నీళ్లు. అలాంటి నీళ్లలో గప్పీలు, మోలీలు, ప్లాటీలు హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రాలు బతకవు, వాటికోసం నీళ్లను మార్చడం మొదలుపెడితే ఆ ఖర్చుకు అంతుండదు. బోరులోంచి అప్పుడే తోడిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, పంపు పైపు చివర బుడగలు వదిలే ఎయిర్ స్టోనును గంటసేపు వేసి పోయండి.

ఆర్వో నీళ్లు ఒక్కటే పోయకూడదు. అందులో చేపకు కావలసిన లవణాలు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్లు మరీ గట్టిగా ఉంటే సగానికి సగం కలుపుకోవచ్చు. చెరువు నీళ్లు అసలు వద్దు, పేలు, జలగలు, రోగాలు కలిసి వస్తాయి.

కొత్త తొట్టిలో చేపలు వారం పది రోజుల్లోనే ఎందుకు చస్తాయి?

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి, పంపు బుడగలు వస్తుంటాయి, అయినా నాలుగో రోజుకు చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి. మొప్పలు ఎర్రబడతాయి, రెక్కలు ముడుచుకుంటాయి. ఏడో రోజు పొద్దున్నే ఒకటి వెల్లకిలా ఉంటుంది. చేపలమ్మినాయన మోసం చేశాడనుకుంటాం.

కారణం అమ్మోనియా. చేప మొప్పల్లోంచి, రెట్టలోంచి, మిగిలిన మేతలోంచి అది నిరంతరం వస్తూనే ఉంటుంది. పాత తొట్టిలో ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. నైట్రేట్ కొంతమేర ఉన్నా చేప తట్టుకుంటుంది. ఆ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. స్పాంజ్‌లో, ఇసుకలో, రాళ్ల మీద పొరగా పెరుగుతుంది, పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో అది లేదు, అంతే.

మన నీళ్లలో ఇంకో చిక్కు ఉంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే అసలు విషం. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే ఆ విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడు పాళ్లు దాటుతుంది. బోరు నీళ్ల పీహెచ్ ఎక్కువ, ఎండాకాలం నీళ్లు వేడి. అందుకే ఇంకోచోట చేపను ఇబ్బంది పెట్టి వదిలేసే అమ్మోనియా ఇక్కడ ప్రాణం తీస్తుంది.

మరి ఆ బాక్టీరియాను డబ్బు పెట్టకుండా ఎలా పెంచాలి?

చేపలు లేకుండానే పంపు, ఫిల్టర్ నడపండి. రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. రెండు మూడు రోజులకోసారి పరీక్షిస్తే మొదట అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరికి మేత వేసినా మర్నాటికి రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు.

దగ్గరి దారి ఒకటుంది. ఆర్నెల్లుగా చక్కగా నడుస్తున్న తొట్టి తెలిసినవాళ్లింట్లో ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజ్‌ను వాళ్ల తొట్టి నీళ్లలోనే పిండి ఇవ్వమనండి. డికాషన్ రంగులో కారే ఆ మురికినీళ్లే బంగారం. ఇంటికి తెచ్చి మీ స్పాంజ్ మీద పోయండి. పాత స్పాంజ్ ముక్కే ఇస్తే ఇంకా మంచిది, రెండు వారాల్లో పని అవుతుంది. దారిలో ఎండనివ్వొద్దు. జబ్బు చేపలున్న తొట్టిదైతే వద్దు.

మూడో రోజు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. అన్నీ పారబోయాలా?

వద్దు. కొత్త తొట్టిలో అది మామూలే, నీళ్లలో తేలే వేరే బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి అలా కనిపిస్తుంది. మేత తగ్గించి ఓపిక పట్టండి, కొద్దిరోజుల్లో అదే తేటపడుతుంది. పారబోస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఏ చేపలు, ఎన్ని?

ఈ తొట్టికి ఆరు జీబ్రా డానియోలు, ఐదు మగ గప్పీలు చాలు. లేదా నాలుగు ప్లాటీలు, ఆరు డానియోలు. మొదటి విడతలో నాలుగే వేసి, రెండు వారాల తర్వాత మిగతావి వేయాలి. గప్పీల్లో ఆడ, మగ కలిపి వేస్తే దాదాపు నెలకో కాన్పు, ఒక్కో కాన్పులో ఇరవై ముప్పై పిల్లలు. మూడు నెలల్లో తొట్టి నిండి అమ్మోనియా మళ్లీ మొదలవుతుంది. ఫైటర్ చేపను విడిగా పెంచండి, మగ గప్పీ తోకను చూస్తే ఇంకో ఫైటర్ అనుకుని కొరుకుతుంది. ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది, పిల్లప్పుడు ముద్దుగా ఉందని తేవొద్దు.

చెరువులో దొరికే పరక పిల్లల్ని, కొర్రమట్టను పెంచొచ్చా?

పరకలు గట్టి చేపలే, ముందు రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూసుకోవాలి. దూకుతాయి కాబట్టి మూత తప్పనిసరి. కొర్రమట్ట మన రాష్ట్ర చేప అని మురిపెంగా తెచ్చుకున్నా, ఏడాదిలో మూరెడు పెరిగి పక్కవాటిని మింగేస్తుంది.

దుకాణం నుంచి తెచ్చిన చేపను తొట్టిలో ఎలా వదలాలి?

లైటు ఆపి, కవరును మూతి విప్పకుండా నీళ్ల మీద 15 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి ఐదు నిమిషాలకోసారి చిన్న గిలాసెడు తొట్టి నీళ్లు కవరులో పోయండి, ఐదారు సార్లు. చేపను జాలీతో తీసి వదలండి. కవరులోని దుకాణం నీళ్లు తొట్టిలో కాదు, మోరీలో పోయాలి.

రోజుకు ఎంత మేత?

రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత, ఒక్కపూట వేసినా చాలు. వారంలో ఒకరోజు పస్తు. అన్నం మెతుకులు, చపాతీ, బిస్కట్టు వద్దు, అవి పులిసి నీళ్లను పాడుచేస్తాయి. ఇంట్లో అందరూ ఎవరికి వారు ఓ చిటికెడు వేస్తుంటారు, చూసుకోండి. ఏడు రోజుల మేతను ఏడు చిన్న పొట్లాలు కట్టి పెడితే ఆ గొడవ ఉండదు.

వారం వారం ఏం చేయాలి?

ముప్పావు బకెట్టు, అంటే 11 లీటర్ల నీళ్లు తీసి, క్లోరిన్ పోయిన కొత్త నీళ్లు అంతే పోయాలి. పైపుతో లాగేటప్పుడు దాని మూతిని ఇసుకలో గుచ్చుతూ పోతే మురికి కూడా వస్తుంది. ఆ నీళ్లు మందార చెట్టుకు పోయండి. నెలకోసారి స్పాంజ్‌ను ఆ తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండండి. నల్లా కింద కడిగితే క్లోరిన్‌కు నెలన్నరగా పెరిగిన బాక్టీరియా పోతుంది, పదో రోజున చేపలు చస్తే కారణం తట్టదు. సబ్బు వాడిన బకెట్టు తొట్టి దగ్గరికి రాకూడదు.

ఎండాకాలం నీళ్లు ఆవిరై తగ్గుతాయి. లవణాలు మాత్రం ఆవిరికావు. తగ్గినంత బోరు నీళ్లతోనే నింపుతూ పోతే వారం వారానికీ ఉప్పదనం పెరుగుతుంది. ఆ లోటును ఆర్వో నీళ్లతోగానీ, వాననీళ్లతోగానీ పూడ్చండి.

కరెంటు పోతే?

గాలిదుమారం వచ్చిన సాయంత్రం నాలుగైదు గంటలు పోయినా తక్కువ చేపలున్న తొట్టికి ఏమీ కాదు. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే గిలాసతో నీళ్లు ముంచి జానెడు ఎత్తునుంచి పోస్తూ ఉండండి, పావుగంటకోసారి ఇరవై గిలాసలు. పవర్ బ్యాంకుకు పెట్టుకునే చిన్న యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచడం తెలివైన ఖర్చు.

అసలు ప్రమాదం వేరే ఉంది. పంపు తొట్టికన్నా కింద ఉండి కరెంటు పోతే, పైపు గుండా నీళ్లు వెనక్కి పంపులోకి దిగుతాయి. పంపు కాలుతుంది, షాక్ కొట్టొచ్చు. అందుకే పైపు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్. వైరు కూడా ప్లగ్గుకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి, తడి చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలుతుంది.

మే నెల ఎండల్లో ఎలా కాపాడాలి?

బయట 44 డిగ్రీలుంటే స్లాబు కింది గదిలో తొట్టి నీళ్లు 33, 34కు చేరతాయి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మి.గ్రా. ప్రాణవాయువును పట్టుకుంటే, 35 డిగ్రీల నీళ్లు 7 కూడా పట్టుకోవు. అదే సమయంలో వేడికి చేప ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది. కాబట్టి ముందు గాలి పెంచండి, మేత తగ్గించండి. మూత తీసి జాలీ కప్పి, టేబుల్ ఫ్యాను గాలి నీటి మీద పడేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. లీటరు సీసా నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తేలేస్తే మొత్తం కరిగేసరికి ఈ తొట్టిలో సుమారు రెండు డిగ్రీలు తగ్గుతుంది. ఒకేసారి రెండు సీసాలు వేయకండి, హఠాత్తుగా చల్లబడితే తర్వాత తెల్లమచ్చలు రావొచ్చు.

చలికాలం హీటర్ కావాలా?

హనుమకొండలో గది లోపల గప్పీలకు, డానియోలకు సాధారణంగా అక్కర్లేదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు అయితే 50 వాట్లది పెట్టుకోండి.

ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చాయి.

ఇక్ అనే పరాన్నజీవి. అది చేప మీద ఉన్నంతసేపూ మందు తాకదు, రాలి నీళ్లలో ఈదుతున్నప్పుడే చస్తుంది. కాబట్టి చుక్కలు పోయాయని రెండో రోజే ఆపకండి. అయోడిన్ లేని దొడ్డుప్పు లీటరుకు 2 గ్రాములు, అంటే ఈ తొట్టికి 90 గ్రాములు, మూడు భాగాలు చేసి ఒక రోజంతటిలో కరిగించి పోయాలి. నీళ్లు 29, 30 డిగ్రీల దగ్గర ఉంచి, గాలి పెంచి, పది రోజులు కొనసాగించండి. మార్చిన నీళ్లకు తగ్గ ఉప్పు మళ్లీ కలపాలి. మొక్కలు కొన్ని వాడిపోతాయి.

నీళ్లు ఆకుపచ్చబడుతున్నాయి.

ఎండ పడుతోంది, లేదా లైటు పది గంటలు వెలుగుతోంది, లేదా మేత ఎక్కువైంది. లైటు ఆరేడు గంటలకు తగ్గించండి. మనీ ప్లాంట్ తీగ వేర్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేలా అంచుకు తగిలిస్తే నైట్రేట్‌ను అదే తినేస్తుంది. ఇంతకన్నా చవక ఫిల్టర్ లేదు.

మేడారం జాతరకు నాలుగు రోజులు పోతే మేత ఎవరు వేయాలి?

ఎవరూ వేయొద్దు. ఎదిగిన ఆరోగ్యమైన చేపలు నాలుగైదు రోజులు పస్తు తట్టుకుంటాయి. పక్కింటివాళ్లకు డబ్బా అప్పజెప్పితేనే ప్రమాదం, జాలిపడి గుప్పెడు వేస్తారు. పోయే ముందురోజు నీళ్లు మార్చి, పంపు నడుస్తుండగా తాళం వేయండి.

గోడలు శుభ్రం చేస్తుందని సక్కర్ చేప ఇచ్చారు. పెద్దదైంది, చెరువులో వదలొచ్చా?

వదలొద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చేప అది, అడుగు దాటి పెరుగుతుంది. ఒళ్లంతా కవచం, మన చెరువుల్లో దాన్ని తినేవి తక్కువ. వలలు చింపుతుంది, గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. మట్టికట్టలతో నిలబడ్డ కాకతీయుల కాలం చెరువులకు అది మంచిది కాదు. మిగిలిపోయిన గప్పీలైనా సరే, చెరువులోనో మోరీలోనో వదలకండి. కొన్న దుకాణానికే తీసుకెళ్లి అడగండి. డబ్బు ఇవ్వకపోయినా పెద్ద తొట్టెలున్నవాళ్లు చాలాసార్లు తీసుకుంటారు.